జెండా లేని మొక్క

మా తోడికోడలు టైలరు. మనిషి నిదానం, నాలాగా నోరున్నది కాదు. ఆవిడకి ఒకటే పిచ్చి: సెలవు రోజున పొలం గట్లంట తిరిగి, ఏ పువ్వు ఎక్కడ పూసిందో ఫోటో తీసి, తనలాంటి పిచ్చివాళ్ళే ఉన్న ఒక బృందానికి పంపడం. జీతం లేదు, బత్తెం లేదు.

"కలుపు మొక్కలకి జనాభా లెక్కలేంటక్కా?" అని ఏడిపించేదాన్ని.

"ఇదివరకు చేలనిండా ఉండేవే. మందులొచ్చాక ఒక్కొక్కటే పోతున్నాయి. ఇంకా ఉన్నాయని ఎవరో ఒకరు చెప్పాలిగా!" అనేది.

ఆ ఏడు మా చేను గట్టునే గోరంత నీలి పువ్వు కనిపించింది. బృందంలో ఇంకెవరికీ దొరకనిది. అక్క సంబరం చూడాలి! గింజ పట్టేదాకా ఎవరూ తొక్కకూడదని, మిగిలిపోయిన ఎర్ర జాకెట్టు ముక్కలతో బుల్లి జెండాలు కుట్టి, పుల్లలకు కట్టి, మొక్క మొక్కకీ పక్కన పాతింది. వాటికి అంచులు కూడా మడిచి కుట్టింది మహాతల్లి.

వారం తిరక్కుండానే కలుపు మందు కొట్టే అతను వచ్చాడు. మేం వెళ్ళేసరికి పని అయిపోయింది.

"గుర్తులు పెట్టి మంచి పని చేశారమ్మా! కలుపెక్కడుందో వెతుక్కునే బాధ తప్పింది. జెండా ఉన్నచోటల్లా ఇంకోసారి కొట్టాను," అన్నాడు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అతనికేం తెలుసు? మనం చెప్పలేదుగా," అంది.

గట్టు చివరిదాకా నడిచాం. అక్కడ ఒక్క మొక్క పచ్చగా నిలబడి ఉంది. గుడ్డ చాలక దానికి జెండా కుట్టలేదు.

ఆ ఒక్కటే గింజలు రాల్చింది. మరుసటి ఏడు చాపంత మేర నీలిపూలు! మందు కొట్టే రోజున అక్క జెండాల జోలికి పోలేదు. పూల పక్కనే స్టూలు వేసుకుని, ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని హుక్కులు కుడుతూ కూర్చుంది. ఈసారి అతనికి విషయం చెప్పింది కూడా.

"గట్టు వదిలేస్తే మీ మరిదిగారు నన్ను తిడతారమ్మా. లేవండి, మీద పడుతుంది," అన్నాడతను.

"పడనీ," అంది, సూది ఆపకుండా.

మీరైనా చెప్పండమ్మా అన్నట్టు అతను నావైపు చూశాడు. నేను చెంగు బిగించి, వెళ్ళి ఆవిడకి ఇవతలి పక్కన చతికిలబడ్డాను.

"నువ్వెందుకే?" అంది అక్క.

"గాలి ఇటునుంచి వీస్తోంది. కాస్త జరుగు. మా ఆయన సంగతి నేను చూసుకుంటాను."

అతను పంపు కట్టేసి, మా చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు.