ఘాటు మలుపులో పోశన్న

మొన్న శనివారం బస్సు అంజన్న గుట్ట ఎక్కుతుంటే పక్క సీటావిడ సంచిలోంచి మాగిన అరటిపళ్ల వాసన గుప్పుమంది. కిటికీ బయట కోతుల గుంపు. ఆవిడ విసరడానికి ఒక పండు చేతిలోకి తీసుకోగానే నాకు సౌదీలో ఖమీస్ ముషైత్ ఊరికి అవతలి ఘాటు రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకున్న పోశన్న కళ్లముందుకొచ్చాడు. ఆయన్ని తలచుకుంటే నాకిప్పటికీ కూర్చున్నచోట కాలు నిలవదు.

పోశన్నది జగిత్యాల వైపు. ఆ ఘాటులో రోడ్డు పక్క రెయిలింగులు బాగుచేసే మా జట్టుకు పెద్ద. అక్కడి కొండల నిండా కుక్కమూతి, భుజాల మీద జూలు ఉన్న పెద్ద కోతులు. గుడి లేని దేశంలో అంజన్నే ఎదురొచ్చినట్టు మావాళ్లు మురిసిపోయేవారు. శుక్రవారం సెలవు రాగానే మా గదిలోవాళ్లంతా అరటిపళ్లు కొనుక్కుని బయల్దేరేవారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏటా అంజన్న మాల వేసుకున్న పోశన్న మాత్రం ఒక్క పండు పడనిచ్చేవాడు కాదు.

“దేవునికి పెడ్తె గూడ తప్పేనా అన్నా?” అని ఒకసారి ఉడికించాను.

“సముద్రం దుంకినోడు నీ అరటిపండు కోసం సూస్తడా తమ్మీ? గుట్ట మీద ఆయనకు కాయలున్నయ్, ఆకులున్నయ్. నువ్వు రోడ్డు మీద పెడితే రోడ్డు మీదికే వస్తడు. బండి కింద పడ్డంక ఎత్తెటోళ్లం మనమే గద.”

నిజమే, ఎత్తేది మేమే.

అవి నితాఖత్ చట్టం వచ్చిన రోజులు. సౌదీవాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వక మా కంపెనీ సర్కారు ఎర్రజాబితాలో పడింది. పైగా బయటిదేశపు పనివాళ్ల మీద తల తలకీ లెవీ పన్ను. ఎవరి ఇఖామా, అదే ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ అవుతుందో, ఎవరికి ఎగ్జిట్ కొట్టి దేశం దాటిస్తారో తెలియదు. ఇంటికి పంపడానికి ఒక్క ఫిర్యాదు చాలు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కారు మలుపు నడుమ ఆగింది. వెనక సీట్లోంచి పిల్లలు రొట్టెలు విసురుతున్నారు, కోతులు రోడ్డంతా పరుచుకున్నాయి. బండి పక్కకు తీయమని పోశన్న బతిమాలాడు. నడుపుతున్న సాబ్ “తేరా కఫీల్ కౌన్ హై?” అని, నిన్ను పనికి తెచ్చిన యజమాని ఎవడని గద్దించి, ఫిర్యాదు చేస్తానని ఫోన్ తీశాడు. అంతలో పైనుంచి దిగుతున్న లారీ హారన్ వినబడింది.

అబ్బ, ఏం పరుగది! యాభై దాటిన మనిషి జెండా ఊపుతూ ఎత్తులోకి లారీకి ఎదురు పరిగెత్తాడు. నేను సుత్తితో రెయిలింగు బాదుతూ కోతులను తరిమాను. పిల్లను పొట్టకు కరిపించుకున్న తల్లికోతి చివరగా రోడ్డంచు గోడ దూకింది. లారీ కారుకు బారెడు దూరంలో ఆగింది. పఠాన్ డ్రైవర్ దిగి పోశన్నను కావలించుకున్నాడు. సాబ్ మెల్లగా “నామ్ క్యా హై?” అన్నాడు. ఫిర్యాదుకేననుకున్నాను. పోశన్న పేరు చెప్పేసి, రోడ్డు మీది రొట్టెముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. కారులోంచి పెద్దమ్మాయి దిగి ఆయనతో పాటు ఏరింది.

ఫిర్యాదు రాలేదు. లెవీల దెబ్బకు ఆయనకు ఎగ్జిట్ మాత్రం కొన్నాళ్లకు వచ్చింది. విమానమెక్కే రోజు పొద్దున పోశన్న ఆ మలుపుకు తీసుకుపొమ్మన్నాడు. గోడ అవతల కోతులు కాయలు తెంపుకుంటున్నాయి. తమ కోసం ప్రాణానికి తెగించిన మనిషి వైపు ఒక్కటీ తలెత్తలేదు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

“సూసినవా తమ్మీ, ఒక్కటి గూడ నన్ను గుర్తువట్టలె. ఇగ వీటికేం ఫికర్ లేదు.”

ఇదంతా పక్కావిడకు చెప్పేసరికి బస్సు గుట్టెక్కేసింది. పండు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆవిడ నవ్వి, సగం విరిచి నాకు పెట్టింది. తొక్క నా జేబులో వేసుకున్నాను.