పర్దా అవతలి బడి

సాయవ్వ ఒక మాట అన్నదంటే ఇగ అన్నదే. అక్కన్నపేట గడి నుంచి దొర మనిషి కాశయ్య వచ్చి, "నీ బిడ్డ ఎదిగింది గదా, గడిల పనికి తోలియ్యమన్నడు దొర" అని చెప్పి పోయిండో లేదో, ఆమె మూటముల్లె సదిరింది.

"దొర ఊకుంటడానే?" అన్నడు మొగడు భూమయ్య.

"ఊకోకుంటే ఏం జేస్తడో చెయ్యని. నా చంద్రవ్వ గడిల బోళ్లు తోమది. బడికి పోతది."

ఊరిడిచి వచ్చినంక సిద్దిపేటల ఒక అర్ర కిరాయికి దొరికింది గని బడి దొరకుడే కష్టమైంది. వాడకట్టు పంతులు ఆడపిల్లలను రానియ్యనన్నడు. మిషనోళ్ల బడికి పంపుదామంటే బిడ్డను దూరపూర్ల ఇడిచిపెట్టాలె. మిగిలింది సర్కారు ఆడపిల్లల బడి. ఆడ చదువంతా ఉర్దూల.

"మన నోరు తిరుగుతదా?" అన్నడు భూమయ్య.

"తిప్పితే తిరుగుతది, నడువు."

బడి వాకిట్ల మందం పర్దా కట్టి ఉన్నది. మొగోళ్లు దాటొద్దు. ఇంట్ల, పోలీసు అమీన్ సాబు బండి తోలి నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చినోడు భూమయ్య ఒక్కడే, ఆయననేమో ఎండల నిలబెట్టిరి! "ఏం పర్దానో, పాడు పర్దా" అని తిట్టుకున్నడు. సాయవ్వ బిడ్డ రెక్క పట్టుకొని లోపలికి పోయింది. ఆడ పాఠం చెప్పే ఉస్తానమ్మ మంచిదే, వచ్చీరాని తెలుగుల చెప్పింది: "పెద్ద పిల్ల. చిన్నోళ్లతోని అలిఫ్, బే అక్షరాల కాడ కూసోవాలె. సిగ్గుపడి ఇంటికి ఉరుకుతది."

"ఉరుకది" అన్నది సాయవ్వ.

ఉరికింది. చిన్నపిల్లలు తాడిచెట్టు, తాడిచెట్టు అని నవ్విన్రని చంద్రవ్వ ఇంట్ల మూలకు కూసోని ఒకటే ఏడుపు. అదే పొద్దు కాశయ్య ఎట్ల జాడ తీసిండో, వాకిట్ల దిగిండు. "బడి లేదు, గిడి లేదు. రేపొచ్చి తోల్కపోత" అని బెదిరించిండు.

తెల్లారి సాయవ్వ వడ్లు దంచే పని ఎగ్గొట్టి, బిడ్డను బడికి గుంజుకపోయి చాప మీద కూసోబెట్టింది. పక్కన తానూ కూసున్నది.

"ఇదేందమ్మా?" అన్నది ఉస్తానమ్మ.

"నాకు సుత చెప్పు. దీనికంటె పెద్ద తాడిచెట్టు బడిల ఉంటే దీన్నెవరంటరు?"

పిల్లలు సాయవ్వను చూసి పడిపడి నవ్విన్రు. చంద్రవ్వ సుత నవ్వింది. నవ్వి పలక అందుకున్నది.

గంతల్నే బయట కాశయ్య లొల్లి. "పిల్లేది?"

"బడిల" అన్నడు బడి వాకిట్ల నిలబడ్డ భూమయ్య.

"నీ పెండ్లామేది?"

"ఆమె సుత బడిల్నే."

కాశయ్య కర్ర పట్టుకొని ఉరికిండు గని, "మర్దానా నై ఆనా! మొగోళ్లు రావొద్దు!" అన్న ఉస్తానమ్మ గొంతుకు పర్దా కాడ టక్కున ఆగిండు. గడి మనిషైనా సర్కారు పర్దా దాటేటంత గుండె యాడిది? వచ్చిన తొవ్వనే పోయిండు, మళ్ల రాలే. భూమయ్యకు గా పాడు పర్దాకు దండం పెట్టబుద్ధైంది. లోపల్నుంచి పిల్లలందరి మీదంగ సాయవ్వ గొంతు: "అలీఫ్!"

చంద్రవ్వ గా పర్దా అవతల్నే ఏడో తరగతి దాక చదివింది. సాయవ్వ చదువు మాత్రం బే కాడ్నే ఆగింది.