మండలి గదిని ముంచిన నా చెయ్యి

మొన్న ఆదివారం నుంచి నాకు తల కొట్టేసినట్టుగా ఉందంటే నమ్మండి. నాకు! ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర నా గొంతు వినిపిస్తే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడతాడు. అలాంటిదాన్ని! మా మహిళా మండలి గది పోయింది. పోగొట్టిందెవరో చెప్తాను, నవ్వకండి.

ఆ గది ఊరికే రాలేదు. మా ఆయన మిలట్రీలో ఉండగా ఢిల్లీ వచ్చాను. హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయలవాడితో వేళ్ళు చూపించి బేరమాడాను. జాకెట్లు కుట్టి పిల్లల ఫీజులు కట్టాను. ఆ పాట్లు ఇంకో ఆడపిల్ల పడకూడదనే నలుగురం కలిసి మండలి పెట్టాం. మెట్ల కింద చాప వేసుకుని మొదలుపెట్టి, పోట్లాడి గది సాధించాం. కొత్తగా వచ్చినవాళ్ళకి అక్కడే హిందీ నేర్పుతాం. ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల పిల్లలు స్కూలు నుంచి వచ్చి అక్కడే తింటారు. ఎవరికైనా ఆసుపత్రి అంటే తోడు వెళ్ళేది మేమే.

మండలికి ఒకటే రూలు. పెట్టింది నేనే. సొసైటీ మీటింగులో ఒక్క ఆడది లేచి మాట్లాడితే "బైఠియే ఆంటీజీ" అని కూర్చోబెట్టేస్తారు. అందుకని నేను చెయ్యెత్తగానే అందరూ ఎత్తాలి. అన్ని చేతులు ఒక్కసారి లేస్తే ఎవడైనా వినాల్సిందే. నీళ్ళ ట్యాంకరు అలాగే తెప్పించుకున్నాం.

ఇప్పుడు మగవాళ్ళకి జిమ్ము కావాలట! దానికి మా గదే కావాలట! ఆదివారం ఓటింగని తెలిసి మా వాళ్ళందరినీ వెంటబెట్టుకు వెళ్ళాను. "మీరేం బుర్ర పాడుచేసుకోకండి. నన్ను చూస్తూ ఉండండి చాలు" అన్నాను.

ప్రెసిడెంటు మైకు పట్టుకుని జిమ్ము గొప్పలు చెప్పుకుపోతున్నాడు. షుగరు తగ్గుతుందట, బీపీ తగ్గుతుందట. వింటుంటేనే నాకు బీపీ పెరిగింది. ఇంతలో "జిమ్ కావాలనేవాళ్ళు హాథ్ ఉఠాయియే" అని చేతులెత్తమన్నాడు. మమ్మల్ని మాట్లాడనివ్వకుండానే ఓటింగా! ఒళ్ళు మండిపోయింది.

"రుకో భయ్యా! పహలే మేరీ బాత్ సునో!" అని, ముందు నా మాట వినమంటూ చెయ్యెత్తి లేచాను.

వెనకాల గాజుల చప్పుడు.

తిరిగి చూస్తే ఏముంది! మా మండలి మొత్తం చేతులెత్తి కూర్చుంది! ముఖాల్లో ఆ పౌరుషం చూడాలి!

"దించండే! దించి చావండి!" అని నేను అరిచేలోపే ప్రెసిడెంటు "అరే వాహ్! మహిళా మండల్ భీ సాథ్ హై! పాస్!" అన్నాడు. మేమూ వాళ్ళ వైపేనట! చప్పట్లు!

మా కుమారి బ్యాంకులో మేనేజరు. మండలిలో నాకు కుడిభుజం. దాని మీద పడ్డాను.

"ఏమే, నువ్వైనా చూసుకోవద్దా?"

"మీరు ఎత్తారుగా ఆంటీ!"

"నేను ఆపమని ఎత్తానే!"

"ఆపమనే చెయ్యి వేరేగా ఉంటుందని మీరెప్పుడూ చెప్పలేదుగా!"

ప్రెసిడెంటు దగ్గరికి పరుగెత్తాను. మళ్ళీ ఓటింగు పెట్టమన్నాను. "అబ్ తో హో గయా, అయిపోయింది ఆంటీజీ. మీ చేతులే లేకపోతే మేం ఓడిపోయేవాళ్ళం" అన్నాడు. పైగా దణ్ణం పెట్టాడు!

ఇప్పుడు మండలి మా ఇంటి హాల్లో నడుస్తోంది. పిల్లలు సోఫా మీదే అన్నం తింటున్నారు. మా ఆయన టీవీ తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోయారు.

అంతటితో అయిందా? నిన్న ప్రెసిడెంటు ఫోను. జిమ్ము ఓపెనింగుకి చీఫ్ గెస్టు నేనేనట! నేను రానని అరిచాను. పక్కనే ఉన్న కుమారి మెల్లగా చెవిలో, "వెళ్దాం ఆంటీ. ఆ కాసేపైనా మన గదిలో కూర్చోవచ్చు" అంది.

ఇవాళ వెళ్ళాం. కూర్చుందామంటే కుర్చీలే లేవు. పట్టుచీరలో ఉన్న చీఫ్ గెస్టుని తొక్కుడు సైకిలెక్కించి ఫోటో తీశారు. భయపడొద్దట, ఎంత తొక్కినా అది కదలదట! కదిలితే బాగుండేది. అటునుంచి అటే పారిపోయేదాన్ని.