ముగ్గులోకి వెళ్ళని గుమ్మడిపూలు

మా చిన్నప్పుడు మార్గళి నెలంతా, అదే ధనుర్మాసమంతా, మా అవ్వ తెల్లారకముందే పెరట్లోకి వెళ్ళి గుమ్మడిపూలు కోసేది... అప్పట్లో మేముండేది పుదుచ్చేరిలో సారం అనే పేటలో. వాకిట్లో ముగ్గు, దాని మధ్య పేడముద్ద, ఆ ముద్ద మీద విచ్చుకున్న పసుపు పువ్వు. ఏ ఇంటి ముందు ఎన్ని పూలున్నాయన్నదే మా వీధిలో పెద్ద పోటీ.

ఒక ఏడాది పెరట్లోని గుమ్మడితీగ నేను విత్తు పెట్టి పెంచుకున్నది. వంటింటి కప్పు మీదికి ఎగబాకి విరగబూసింది... కాయ మాత్రం ఒక్కటీ లేదు. అడుగున పిందె ఉన్న పువ్వును అవ్వ ముట్టేది కాదు. పిందె లేనివి "గొడ్డు పూలు" అని ఒక్కటీ మిగల్చకుండా కోసేది. అయినా పిందెలు పసుపుబారి రాలిపోయేవి.

చివరికి అవ్వకు విసుగొచ్చింది. "పొంగలి పండగ లోపల కాయ నిలబడలేదంటే పీకి పారేస్తా. ఆ చోట వంగ నాటుకుందాం" అనేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ వారమే బళ్ళో టీచర్ పువ్వుల పాఠం చెప్పింది. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటితేనే కాయ... దాన్ని మోసుకెళ్ళేవి తేనెటీగలు, తుమ్మెదలు, కొన్ని పూలకైతే పిట్టలు. ఇంక నాకు బెంచీ మీద కూర్చోబుద్ధి కాలేదు. మా ఇంట్లో మగపూలన్నీ, అంటే అవ్వ కోసే గొడ్డు పూలన్నీ, ఈగలు రాకముందే పేడముద్దలెక్కి కూర్చుంటున్నాయి కదా...

సాయంత్రం అవ్వకు ఎదురు నిలిచాను.

"అవ్వా, రేపటి నించి గొడ్డు పూలు కోయొద్దు. వాటి పొడి తేనెటీగ తెచ్చి పిందెపువ్వుకు పూయాల."

"ఏందే, ఈగ వచ్చి కాయ కాయించేదా? మార్గళిలో పువ్వు లేని ముగ్గేస్తే వీధిలో తల యాడ పెట్టుకునేది?"

"పండగ దాకా వదిలిపెట్టవ్వా. కాయకుంటే నేనే పీకేస్తా."

నా నోట ఆ మాట వినేసరికి అవ్వ మెత్తబడింది.

మర్నాటి నుంచి మా ముగ్గు బోసిపోయింది. ఎదురింటి కమలక్క రోజూ జాలిగా చూసేది. నేను బడికి వెళ్ళేముందు నిచ్చెనెక్కి కాపలా కాసేదాన్ని... ఒక పొద్దున తేనెటీగ ఒకటి మగపువ్వులో దొర్లి, ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని, పక్కనున్న పిందెపువ్వులోకి దూరింది. కళ్ళారా చూశాను! నిచ్చెన మీంచే అవ్వను కేకేశాను.

ఆ పిందె రాలలేదు. దాని పక్కదీ రాలలేదు. పండగనాడు కూరలోకి లేత గుమ్మడి మా తీగదే. రెండో కాయను అవ్వ చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని వీధి చివరి దాకా వెళ్ళింది. "మా పాప చెప్పినట్టే ఈగ కాయించింది, చూడండి" అని కనపడిన వాళ్ళందరినీ ఆపి చెప్పింది. మరుసటి మార్గళికి కమలక్క కూడా సగం పూలు తీగకే వదిలేసింది.

ఇప్పుడు మూలకుళంలో మా అపార్ట్‌మెంట్ గుమ్మాల ముందు స్టిక్కర్ ముగ్గులు, ప్లాస్టిక్ పూలు... పాపం, ఏ ఈగ వచ్చినా దానికి చేసే పనేమీ లేదు.

మీ పెరట్లో కాయ కాయించిన ఈగనో పిట్టనో మీరెప్పుడైనా చూశారా? చూసుంటే ఇక్కడ రాయండి... నా తేనెటీగ గురించి ఎవరికి చెప్పినా, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా గొంతు దానంతటదే పెద్దదైపోతుంది.