పిట్ట ముట్టని సజ్జలు

మా చిన్నప్పుడు... మల్దకల్ దగ్గర మా ఊళ్లో, కొత్త సజ్జలు ఇంటికొచ్చిన రోజే అవ్వ కొన్ని కంకులు కుచ్చుగా కట్టి చూరుకు వేలాడదీసేది. పిట్ట ముట్టనిదే ఆ సజ్జలు ఇసుర్రాయిలో పడకూడదు. అది అవ్వ పెట్టిన చట్టం.

ఇసుర్రాయి తిరగకపోతే రొట్టె లేదు. రొట్టె లేకపోతే, దాన్ని బెల్లంతో నలిపి చేసే మలీద ముద్ద లేదు. మలీద కోసం నేనూ తాతా అరుగు మీద కూర్చుని పిట్టల కోసం ఎదురుచూసేవాళ్లం.

ఒక ఏడాది పిచ్చుకలు వచ్చాయి... పసుపుపచ్చ గిజిగాళ్లూ వచ్చాయి... అన్నీ ఎదురింటి బీబమ్మ చూరుకే!

కారణం తాతే. పొద్దున్నుంచి జొన్నచేలో మంచె ఎక్కి, వడిసెల తిప్పుతూ పిట్టలను తోలడం ఆయన పని. మధ్యాహ్నం అరుగు మీద కునుకు తీస్తే నిద్రలోనూ "హోయ్... హోహోయ్!" అని కేక. మా చూరు మీద వాలబోయిన పిట్ట కాస్తా తుర్రుమనేది.

"చేన్ల ఒర్లింది సాలదా? ఇంట్ల గూడ ఏందయ్యా నీ మంచె?" అంది అవ్వ.

"నిద్రల ఒర్లితే నేనేం జేయాలె? నోరు కుట్టుకోవాల్నా?"

"కుట్టుకో. సూది తెస్త."

తాత నోటికి తువ్వాల చుట్టుకుని పడుకున్నాడు. పిట్టలు రాలేదు. ఓ కోడి మాత్రం వచ్చి, ఆయన మొహంలోకి చూసి పోయింది.

బీబమ్మ ఊరుకుంటుందా... "ఏమక్కా, మీ సజ్జలు చేదున్నయా ఏంది? పిట్టలన్నీ మాతాననే ఉన్నయి!"

అవ్వ తాత వైపు తిరిగింది. "ఊరి పిట్టలన్నిట్ని దోలినోడివి, ఒక్క పిట్టను దేలేవా?"

తాత తువ్వాల విప్పాడు. లేచి, వీధి దాటి, బీబమ్మ చూరు కింద నిలబడి... "హోహోయ్!" అన్నాడు.

పిట్టలన్నీ ఒక్కసారి లేచి, వీధి మీద ఓ చుట్టు తిరిగి, వచ్చి మా చూరు మీద వాలాయి. చేలోనూ అంతే... ఈ మూల తోలితే ఆ మూల వాలేవి. తాత రోజూ తిట్టుకునే ఆ బుద్ధే ఇప్పుడు పనికొచ్చింది.

"బావా, గిదేం నాయం! మా పిట్టలను గుంజుకుంటవా?"

"గుంజుకుంటే కట్టేసుకుంటనా బీబమ్మా? జరసేపు తిని మళ్ల మీతానికే వస్తయి తీయ్!"

అవ్వ ఇవేవీ వినలేదు. లోపల ఇసుర్రాయి చప్పుడు మొదలైంది. మొదటి మలీద ముద్ద మాత్రం బీబమ్మ ఇంటికే పోయింది.

ఇప్పుడు నేను వనపర్తిలో ఓ మూడో అంతస్తులో అద్దెకుంటున్నాను. పిట్టలకు గింజలు పోసే ప్లాస్టిక్ డబ్బా కొని బాల్కనీలో వేలాడదీశాను. దాని అట్టపెట్టె మీద పసుపుపచ్చ పిట్ట బొమ్మ ఉంది. వచ్చేవి పావురాలు.

ఓ ఆదివారం తాతలా "హోహోయ్!" అన్నాను. పావురాలు కదల్లేదు. కింది అంతస్తు ఆయన మెట్లెక్కి వచ్చి, "ఏమైంది సార్, దవాఖానకు పోదమా?" అన్నాడు.

మీ ఇళ్లల్లో చూరుకు ఏ కంకులు కట్టేవారో చెప్పండి... ఇక్కడ కేక వేయడానికి నేనున్నాను గానీ, పిట్టలు లేచి రావడానికి ఎదురుగా ఇంకో చూరు లేదు.