నేను హిందీలో చెప్పని మాట

ఇది రాసిపెట్టకపోతే నా తప్పు నాతోనే పోతుంది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఏడున్నరకు మా సైనిక దళం యానాం ఎగువన ఒక లంక ఊళ్లో దిగింది. గోదావరి వరద. వాన ఆగలేదు. రెండు బోట్లు మమ్మల్ని దింపి వేరే లంకలకు వెళ్లాయి. మా దగ్గర ఒక వైర్‌లెస్ సెట్టు, మందుల పెట్టె. జనమంతా బడి మేడ మీద ఉన్నారు. నాది పాలకొల్లు. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి దుబాసీ పని నాకిచ్చారు.

పదకొండున్నర. కొబ్బరికాయలు దింపే ఏసుదాసు పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. మా నర్సింగ్ అసిస్టెంట్ మలయాళీ. నొక్కి చూసి హిందీలో అన్నాడు: "కుడివైపైతే అపెండిక్స్ అనేవాణ్ణి. ఇది ఎడమ. సాయంత్రం దాకా చూద్దాం."

ఏసుదాసు భార్య మార్తమ్మ నాతో అంది: "ఆయనకి లోపలున్నయ్యన్నీ అటుది ఇటు, ఇటుది అటు అండి. గుండె కూడా కుడిపక్కేనండి. చిన్నప్పుడు ఫొటో తీసి చెప్పారంట."

నవ్వాను. "గుండె ఎడమవైపే ఉంటుందమ్మా. పుస్తకంలో చదివాను."

"పుస్తకంలో మా ఆయన లేడు కదండీ!"

సైన్యంలో చేరకముందు మా ఊరి గ్రంథాలయంలో శరీరశాస్త్రం పుస్తకం రెండుసార్లు చదివాను. బొమ్మలు ఇప్పటికీ గీయగలను. ఆమెది భయం అనుకున్నాను.

"ఏమంటోంది?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

"ఏం లేదు. కంగారు పడుతోంది."

రెండుంపావుకు జ్వరం, వాంతులు. అతను స్టెతస్కోపు ఎడమ రొమ్ము మీద పెట్టాడు. చప్పుడు సరిగా వినబడలేదు. తడిసిందేమోనని గొట్టం దులిపి మళ్లీ పెట్టాడు. మార్తమ్మ నా అరచేతిని లాగి భర్త కుడి రొమ్ముకు అదిమింది.

గుండె అక్కడ కొట్టుకుంటోంది.

అప్పుడు చెప్పాను. "ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడతను.

సెట్టు అందుకున్నాను. "అపెండిక్స్ కేసు. నొప్పి ఎడమవైపు, గుండె కుడివైపు. బోటు కావాలి. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఓవర్."

చెప్పాను.

"యానాంలో మందు చవక కదా అని తాగావా? ఓవర్." అటునుంచి మా సుబేదార్ సాబ్ గొంతు.

నర్సింగ్ అసిస్టెంట్ మైకు లాక్కున్నాడు. రెండు నలభైకి బోటు వచ్చింది.

ఆస్పత్రికి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయిందట. ఏసుదాసు బతికాడు. మళ్లీ చెట్టెక్కలేదు.

వారానికి మేం వెనక్కి వెళ్లిపోయాం. రిటైరై ఇంటికొచ్చాక మా ఊరి గ్రంథాలయంలో అదే పుస్తకం తీశాను. ఒక పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, కొందరికి అవయవాలు అద్దంలో బొమ్మలా తారుమారై పుడతాయని ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలు గీత. నాదో, ఇంకెవరిదో.

బోటు నడిపిన హవల్దార్ బల్వంత్‌కు, నర్సింగ్ అసిస్టెంట్ జోస్‌కు, ఆ పుస్తకం వెతికిపెట్టిన లైబ్రేరియన్ సత్యవతి గారికి, నన్ను ఒక్క మాటా అనని ఏసుదాసుకు నా కృతజ్ఞతలు. మార్తమ్మ గారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. వాన పడితే చాలు, ఆ గుండె నా అరచేతిలో కొట్టుకుంటుంది.