కడగని పళ్ళెం

కెజాయా ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ అవతలినుంచి నేను విన్న ఏడుపులో సగం ఆమె తోడికోడలు డోర్కస్ మీద ఏడుపే. డోర్కస్ రొట్టె బాగా పొంగితే కెజాయాకు కడుపుమంట. డోర్కస్ దుప్పట్లు తెల్లగా ఆరితే ఆ రోజు కెజాయా పిల్లల వీపులు మోగేవి.

మనిషి చెడ్డది కాదు. పొలాల్లో రాళ్ళేరి, ఊళ్ళోవాళ్ళ బట్టలుతికి పిల్లల్ని పెంచింది. కానీ పెళ్ళికి ముందు, కోతల విందులో, ఏమస్ నాట్యానికి మొదట పిలిచింది డోర్కస్‌ని. ఆ పిల్ల నవ్వేసి అతని తమ్ముడు రూబెన్ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాతే ఏమస్ కెజాయా వైపు తిరిగాడు. ఊరు ఆ సంగతి మర్చిపోయింది. కెజాయా మర్చిపోతేనా!

మా లింకన్‌షైర్ పల్లెల్లో ప్రతి ఇంటి వెనకా ఒక పంది ఉంటుంది, ఉప్పు పట్టించి దాచుకుంటే చలికాలమంతా తిండి అదే. కోసిన రోజు కార్జం, కొవ్వు ముక్కలు పళ్ళెంలో పెట్టి ఇరుగుపొరుగుకు పంపుతాం. ఆ పళ్ళెం కడగకుండానే తిరిగివ్వాలి. కడిగితే పంపినవాళ్ళ మాంసానికి ఉప్పు పట్టదు, కుళ్ళిపోతుంది. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు.

రాణిగారి జూబిలీ ఏడాది నవంబరులో రూబెన్ వాళ్ళు పందిని కోశారు.

"అబ్బ, ఏం పందయ్యా బాబూ!" అన్నాడు కోసేవాడు.

ఏమస్ నోరు ఊరుకోదు కదా. "డోర్కస్ చేతి చలవ మరి!" అన్నాడు, పెళ్ళాం పక్కనే ఉండగా.

మర్నాడు డోర్కస్ పంపిన నీలిపూల పళ్ళెం కెజాయా చేతుల్లో తళతళా మెరుస్తూ తిరిగొచ్చింది.

"అయ్యో, ఇదేంటక్కా? కడిగేశావా!"

"మరి జిడ్డు పళ్ళెం ఎలా ఇవ్వను తల్లీ? మా ఇంట్లో శుభ్రత ఉంది."

క్రిస్మస్ నాటికి రూబెన్ పంది తొడలు రెండూ ఎముక దగ్గర కుళ్ళాయి. కంపు భరించలేక పెరట్లో పాతిపెట్టారు. ఆ పిల్లలకు ఇక బంగాళాదుంపలే గతి.

జనవరిలో కెజాయా పంది వంతు వచ్చింది. డోర్కస్‌కు పళ్ళెం పంపకపోతే తన తప్పు తానే ఊరంతా చాటుకున్నట్టు. పంపింది. పంపాక మా వంటింట్లోకొచ్చి కూలబడింది.

"కడిగేస్తుంది టాబితా. నేనైతే కడగనా? నా పిల్లల నోట్లో మట్టే ఇంక."

"మొదలెట్టింది నువ్వే కదే! అప్పుడేమైంది నీ బుద్ధి?" అని కసిరాను.

అంతలో డోర్కస్సే వెతుక్కుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుంది. ఎండిన నెత్తురు, కొవ్వు జిడ్డు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కడగలేదక్కా, చూసుకో," అని ఇచ్చి వెళ్ళిపోయింది.

కెజాయా పరిగెత్తి ఆమెను కావలించుకుంటుందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! పళ్ళెం నా బల్ల మీద ఠపీమని పడేసి భోరుమంది.

"చూశావా దాని పొగరు! మంచితనంలో కూడా నన్ను మించాలి, మహాతల్లి!"

నాకు ఒళ్ళు మండింది. ఆ ఏడుపు చూస్తే జాలీ వేసింది.

మాంసానికి ఉప్పు బ్రహ్మాండంగా పట్టింది. ఫిబ్రవరి చివర మొదటి ముక్కలు వేయించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కెజాయా తన పళ్ళెంలో రెండు ముక్కలు వేసుకుని కూర్చుంది. ఏమస్ ఒక ముక్క నమిలి కళ్ళు మూసుకున్నాడు.

"డోర్కస్ పుణ్యమా అని ఎంత బాగా కుదిరిందే!"

కెజాయా తన ముక్కలు రెండూ పిల్లల పళ్ళేల్లోకి తోసేసింది. ఆ పంది అయిపోయేదాకా ఆమె తిన్నది ఎండు రొట్టె. ఎందుకని అడిగితే, ఆకలి లేదనేది.